చన్నీళ్ళలో ఉతికిన దుప్పటి

“మా ఆయన చొక్కా మీద ఇది ఏం మరకో నీకు తెలుసు. మరి చెప్పవేం?”

ఒకసారి ఒకావిడ లాండ్రీ కౌంటరు మీద తెల్లచొక్కా పరిచి, అందరూ మరకలమ్మ అని పిలిచే ఆ షాపామెను మొహం మీదే అలా అడిగింది. మరకలమ్మ చొక్కా కాలరు వంక చూసింది తప్ప ఆవిడ మొహం వంక చూడలేదు. “మంగళవారానికల్లా పోతుందండీ” అంది. ఆవిడ ఇంకాసేపు నిలబడి, రసీదు పర్సులో పెట్టుకుని వెళ్ళిపోయింది. మంగళవారం చొక్కా తళతళలాడుతూ ఇల్లు చేరింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో మరకలమ్మకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

లాండ్రీవాళ్ళు మరకల మీద బతుకుతారని అనుకుంటాం. అంతకన్నా ఎక్కువగా, మరకల గురించి జనం చెప్పే అబద్ధాల మీద బతుకుతారు. మందు ఒలకబోసుకున్నవాడు దానిమ్మరసం అంటాడు. ముసలాయన పక్క తడిపితే నీళ్ళ సీసా బోర్లాపడిందంటారు. తమ్ముణ్ణి కొట్టి ముక్కు పగలగొట్టినవాడు రంగు డబ్బా తగిలిందంటాడు. మరకలమ్మ అన్నిటికీ తలాడిస్తుంది. వాళ్ళు చెప్పింది రసీదులో రాస్తుంది, కళ్ళకు కనబడిందాన్ని బట్టి మందు వేస్తుంది. దీన్ని మర్యాద అని మెచ్చుకునేవాళ్ళున్నారు. మర్యాదా లేదు, మన్నూ లేదు. నిజం మొహాన చెప్పే షాపుకి ఎవరూ రెండోసారి బట్టలు వెయ్యరు, అంతే. ఏళ్ళ తరబడి తలాడించి తలాడించి ఆమె మెడకు అది అలవాటైపోయింది. వద్దనుకున్నా దానంతటదే ఆడుతుంది.

వెనక గదిలో మొగుడు ఇస్త్రీ చేస్తాడు. బరువైన ఇస్త్రీపెట్టె పొద్దస్తమానం తోసీ తోసీ అతని కుడిభుజం ఎడమదానికన్నా కిందికి జారింది. మాట తక్కువ, హాస్యం ఎక్కువ. “నాకు కోపం వస్తే చొక్కాకి రెండు మడతలు పడతాయి, అంతకన్నా ఎవరికీ నష్టం లేదు” అనేవాడు.

ఓడ ఆలోచన మరిదిది. సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. ఏం మాట్లాడినా ప్యాకేజీ అంటాడు కాబట్టి ఇంటిల్లిపాదీ అతన్ని ప్యాకేజీ అనే పిలుస్తారు. నలుగురు కలిసి వెళితే సగం ధర అనే ప్రకటన ఒకటి పట్టుకుని, ఒక మధ్యాహ్నం షాపుకి ఊడిపడ్డాడు.

“వదినా, ఏడు రాత్రులు. తిండి ప్యాకేజీలోనే, ఆటపాటలు ప్యాకేజీలోనే, సముద్రం ప్యాకేజీలోనే.”

“తిరిగి రావడం?”

“అదీ ప్యాకేజీలోనే.”

“అయితే ఫర్లేదు వెళదాం” అన్నాడు అన్న, ఇస్త్రీపెట్టె దించకుండానే. “ఒక వారం నా చొక్కా ఇంకెవడన్నా ఇస్త్రీ చెయ్యనీ.”

పెద్ద ఓడలో సెలవంటే ఏమిటో ఎక్కేదాకా ఎవరికీ సరిగ్గా తెలియదు. రేవులో నిలబడి తలెత్తి చూస్తే అది ఓడలా లేదు. అపార్టుమెంట్ల వీధి ఒకటి పెకలించి తెచ్చి నీళ్ళలో నిలబెట్టినట్టుంది. ఎక్కేముందు ఫోటో తీసి చేతికి ఒక కార్డు ఇస్తారు. తాళంచెవి అదే, పర్సు అదే. అది పోతే మనమెవరో మనమే నిరూపించుకోవాలి. ఆ కార్డు ఇచ్చే బల్ల దగ్గర ఒకమ్మాయి నవ్వు చెదరకుండా అడిగింది: “ఈ మధ్య మీలో ఎవరికైనా వాంతులు, విరేచనాలు?” నలుగురూ బడిపిల్లల్లా ఒక్క గొంతుతో “లేవండీ” అన్నారు.

బల్ల దాటగానే ప్యాకేజీ గొంతు తగ్గించాడు.

“వదినా, ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఈ ఓడలో వాంతి అన్న మాట నోట్లోంచి రాకూడదు. విన్నారా, గదిలో పెట్టి తలుపేస్తారు. ఆ తర్వాతి రేవులో సామానుతో సహా దింపేస్తారు. మనల్నే కాదు, మనతో వచ్చినవాళ్ళందర్నీ. ఫోన్లో ఎంతమంది రాశారో చూపించనా?”

“చూపించొద్దు” అంది తోడికోడలు. “నువ్వు చెప్తేనే వచ్చేలా ఉంది.”

మిగిలినదంతా వరసలే. భోజనానికి వరస, ఈతకు వరస, లిఫ్టుకు వరస. భోజనశాల గుమ్మంలో ఒకావిడ చేతులు శుభ్రం చేసే మందు సీసా పట్టుకుని “చేతులు, చేతులు” అని పాట పాడుతూ అందరి అరచేతుల్లోనూ పిచికారీ కొడుతుంది. లిఫ్టులో పరిచిన తివాచీ మీద ఆ రోజు ఏ వారమో రాసుంటుంది, పొద్దున్నే మారుస్తారు. లేకపోతే వారం సంగతి ఎవరికీ గుర్తుండదు. సాయంత్రం గదికి వచ్చేసరికి తువ్వాలు ఏనుగై మంచం మీద కూర్చుని ఉంటుంది. “ఇన్నేళ్ళు ఇస్త్రీ చేశాను, ఒక్క చొక్కాకీ తొండం రాలేదు” అని మొగుడు దాన్ని మెచ్చుకోలుగా తిప్పి తిప్పి చూశాడు. సముద్రం ఆత్మను శుభ్రం చేస్తుందని చెప్పేవాళ్ళు ఇలాంటి ఓడ ఎక్కి ఉండరు. ఇందులో చాలామందికి సముద్రం కనబడనే కనబడదు. సగం ధర గదులకు కిటికీ ఉండదు. గోడ మీద టీవీ పెడితే ఓడ ముందు భాగంలో కెమెరా తీసే సముద్రం కనిపిస్తుంది. అది కట్టేస్తే గదిలో చీకటి బొగ్గులా గడ్డకడుతుంది.

ఓడ ఏ రేవులోనూ ఆగని రోజు అది. పొద్దున్నే మరకలమ్మకు మరుగుదొడ్డి చప్పుడుకు మెలకువ వచ్చింది. ఓడలో ఆ మీట నొక్కితే నీళ్ళు పోయిన చప్పుడు రాదు, ఏదో జంతువు గాలి పీల్చినట్టు గుర్రుమంటుంది. ఆమె దీపం వేసేసరికి మొగుడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ముందుకు వంగాడు. దుప్పటి మీద కక్కుకున్నాడు. ముదురు గోధుమరంగు, నలుసులు నలుసులుగా.

“కాఫీ పడలేదే” అన్నాడు, నోరు తుడుచుకుంటూ. “ఓడ ఊగుతోంది కదా.”

రాత్రి తెచ్చుకున్న కాఫీ కప్పు టీవీ పక్కన ఉంది, నిండుగానే ఉంది. దాని మీద మీగడ కూడా కదలడం లేదు.

మరకలమ్మ తలాడించింది.

దుప్పటి లాగి, అగ్గిపెట్టెంత స్నానాలగదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని కుళాయి తిప్పింది. కాఫీకి వేణ్ణీళ్ళు పొయ్యాలి, మరక పలచబడి జారిపోతుంది. రక్తానికి చన్నీళ్ళే పొయ్యాలి, వేడి తగిలితే అది బట్టలో పాతుకుపోతుంది. ఈ రెండూ ఆమె నిద్దట్లో కూడా తప్పదు. ఆమె చెయ్యి కుళాయిని చల్లటి వైపు తిప్పింది. అలా తిప్పినట్టు వేళ్ళు తిమ్మిరెక్కాక గానీ ఆమె గమనించలేదు. గమనించాక కూడా కుళాయి కట్టలేదు. సబ్బు వేసి రుద్దింది. నలుసులు కరక్కుండా వేళ్ళ కింద గరగరలాడాయి. వాటి అంచున తుప్పురంగు ఒకటి సన్నగా విడిపోయి, నీళ్ళతో జారింది. వాసన ఇనుముది. పాత నాణేలు చేతిలో పట్టుకుంటే వచ్చే వాసన.

బయటకు వచ్చింది.

“వాడికి చెప్పకే” అన్నాడు మొగుడు, కళ్ళు మూసుకునే. “మన మూలంగా వాళ్ళ సెలవు కూడా పాడవుతుంది.”

“నేనెందుకు చెప్తాను?” అంది.

భోజనశాలలో నలుగురి బల్ల దగ్గర ముగ్గురు కూర్చున్నారు.

“అక్కా, బావగారేరీ?” అంది తోడికోడలు.

“పడుకున్నారు.”

“ఇంత డబ్బు పోసి ఇంత దూరం వచ్చి పడుకోవడమా? ఇంట్లో పరుపు లేదూ?”

మరకలమ్మ నవ్వింది. ఆ నవ్వు తన మొహం మీద ఎంతసేపు ఉందో ఆమెకు తెలియలేదు. తీసేద్దామంటే రాలేదు. చుట్టూ జనం పళ్ళాల్లో కుప్పలు పోసుకుంటున్నారు. ఎవరో చంకలో గాలి నింపిన రబ్బరు బాతు పెట్టుకుని తింటున్నారు. ఒక గిన్నెలో పలచటి సూపు పోయించుకుని ఆమె లేచింది.

లిఫ్టు దిగి దారి తప్పింది. ఆ ఓడలో నడవాలన్నీ ఒక్క తీరే. అదే తివాచీ, అదే దీపం, అవే తలుపులు, చివర కనబడనంత పొడుగు. తమదే అనుకున్న తలుపుకు కార్డు పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే. లోపల మనిషి పలకడం లేదు. సూపు చేతి మీద ఒలికి కాలింది. “ఏమండీ” అని తలుపు మీద కొట్టింది. ఎవరో పరాయి పెద్దావిడ తలకు తువ్వాలు చుట్టుకుని తొంగి చూసి, “ఎవరు కావాలమ్మా?” అంది. మరకలమ్మ తలెత్తి తలుపు మీది నంబరు చూసింది. ఒక్క అంతస్తు కింద లిఫ్టు దిగింది, అంతే తప్పు. కానీ ఆ మెట్లు ఎక్కుతున్నంతసేపూ, సరైన తలుపు తెరిచేసరికి ఏం కనబడుతుందోనన్న భయం కూడా ఆమె వెంటే ఎక్కింది.

అతను బతికే ఉన్నాడు. మొహం బూడిదరంగులోకి తిరిగింది. నుదుటి మీద చెమట ముట్టుకుంటే చల్లగా తగిలింది. తువ్వాలు ఒకటి ఉండచుట్టి మంచం కిందికి తోశాడు. ఆమె అడగలేదు. దాన్ని తీసింది. ఈసారి కాఫీ అని అతనూ అనలేదు. తువ్వాలు ఉతికింది. దుప్పటిని జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టింది. ఆ మిషను హోరులో అతని ఊపిరి వినబడక, నాలుగు క్షణాలకోసారి కట్టేసి చెవి రిక్కించింది. ఊపిరి వినగానే మళ్ళీ పెట్టింది. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవాళ్ళే.

మధ్యాహ్నం ప్యాకేజీ వచ్చి తలుపు కొట్టాడు. లోపలికి రాగానే అన్నను చూసి, చేతిలో ఐస్‌క్రీం ఎక్కడ పెట్టాలో తెలియక తిప్పలు పడ్డాడు.

“వదినా, ఏమైంది?”

“కడుపులో తిప్పుతోందట.”

“ఓడ ఊపే. అందరికీ ఉండేదే.”

“ఓడ ఊగడం లేదు కదా బాబూ.”

“కనబడకుండా ఊగుతుంది వదినా. పెద్ద ఓడలంతే.” తన మాట తనకే నచ్చలేదు. ఐస్‌క్రీం వేళ్ళ మీదుగా కారుతోంది. “రేపు పొద్దున్నే రేవు వస్తుంది. దిగుదాం, మంచి డాక్టరుకు చూపిద్దాం. ఈ ఒక్క పూట ఓర్చుకుంటే చాలు. ఇక్కడ నోరెత్తామా, నలుగుర్నీ లోపలేసి తలుపేస్తారు. అన్నయ్యా, ఓర్చుకుంటావు కదూ?”

అన్న చెయ్యి కాస్త ఎత్తాడు. సరే అన్నట్టా, వెళ్ళిపొమ్మన్నట్టా తెలియలేదు. మరకలమ్మ మెడ ఆడింది.

అతను వెళ్ళాక ఆమె మంచం పక్కన కింద కూర్చుంది. టీవీలో సముద్రం నిమ్మళంగా ఉంది. రేపు పొద్దుటికి ఎంత దూరమో ఆ సముద్రంలో ఎక్కడా రాసిలేదు. లేచి నిలబడబోయి మొగుడు తూలి మళ్ళీ కూలబడ్డాడు. “కళ్ళు చీకట్లు కమ్మాయి” అన్నాడు. “దీపం తీసేశావా?” దీపం వెలుగుతూనే ఉంది. చెప్తే ఏమవుతుందోనన్న భయం ఒకటి, చెప్పకపోతే ఏమవుతుందోనన్న భయం ఒకటి. రెండూ కలిసి ఆమెను నేలకేసి కుట్టేశాయి.

అప్పుడు గదులు సర్దే పెద్దాయన వచ్చాడు. నెరిసిన మీసాలు, ముక్కు కొసన కళ్ళజోడు, చేతుల్లో ఉతికిన దుప్పట్లు. రోజూ ఏనుగులు చేసేది ఆయనే. స్నానాలగదిలో కడ్డీ మీద ఆరేసిన దుప్పటి చూశాడు.

“దుప్పటి తడిసిందేమ్మా?”

“టీ పడింది” అంది మరకలమ్మ.

పెద్దాయన దుప్పటి కొస పట్టుకుని దీపానికి ఎదురుగా ఎత్తాడు. అంచున సన్నటి తుప్పురంగు గీత మిగిలి ఉంది. ఒక్క ఉతుకుకు పోదు అది. ఆయన గీత వంక చూశాడు. మంచం మీద మనిషి వంక చూశాడు. ఆమె మొహం వంక మాత్రం చూడలేదు. తలాడించాడు.

“టీ అయితే ఫర్లేదమ్మా. కొత్తది వేస్తాను.”

ఆ తల ఊపు మరకలమ్మకు తెలుసు. అది తనది. ఎదుటివాళ్ళు అబద్ధమాడారని తెలిసి, అది మనకెందుకులే అనుకుని, పని మొదలుపెట్టేటప్పటి ఊపు. ఈయనకు తెలిసిపోయింది. తెలిసీ కొత్త దుప్పటి వేస్తాడు, తువ్వాలును హంస చేస్తాడు, వెళ్ళిపోతాడు. జబ్బు సంగతి పైవాళ్ళకు చెప్తే ఈ వరస గదులన్నీ మందు కొట్టి కడగాల్సింది ఆయనే. ఈ ఓడలో పనివాళ్ళందరికీ జీతమిచ్చేది ఆమె చెప్పిందానికి తలాడించడానికే. ఆమె ఇలాగే టీ అంటూ ఉంటే అందరూ అవునంటూనే ఉంటారు. మంచం మీద మనిషి పోయాక కూడా ఎవరో వచ్చి, ఒక్క మాట అడక్కుండా, శుభ్రమైన దుప్పటి మారుస్తారు.

“టీ కాదు” అంది. మళ్ళీ అంది. “టీ కాదండీ. రక్తం. కడుపులోంచి వస్తోంది. పొద్దుటి నుంచీ నేనే ఉతికేస్తున్నాను.”

“ఏమే” అన్నాడు మొగుడు మంచం మీంచి, నీరసంగా.

“మీరు ఊరుకోండి” అంది ఆమె. కాపురానికి వచ్చాక ఆ మాట అతనితో అనడం అదే మొదలు.

పెద్దాయన దుప్పట్లు కుర్చీ మీద పెట్టి, గోడ దగ్గరి ఫోన్ అందుకున్నాడు. నంబరు నొక్కుతూ, అంతవరకూ ఉన్న తియ్యదనం ఏమీ లేకుండా అన్నాడు: “తలుపు తెరిచే ఉంచండి. ఇంకేమీ ఉతక్కండి.”

ఓడ ఆసుపత్రి బాగా కింద ఉంటుంది. తివాచీ అయిపోయి, రంగు వేసిన ఇనుము మొదలయ్యే చోట. చక్రాల కుర్చీ గుమ్మాలు దాటుతున్నప్పుడల్లా మొగుడి తల పక్కకు వాలింది. జుట్టు కురచగా కత్తిరించుకున్న డాక్టరమ్మ ఆమెను ఏ రంగు, ఎంత, ఎన్నిసార్లు అని అడిగింది. మరకలమ్మ అన్నీ చెప్పింది. మందులేమన్నా వాడుతున్నారా అని డాక్టరమ్మ అతన్ని అడిగితే, “ఏం లేవు” అన్నాడు.

లాండ్రీలో జేబులు వెతికి గానీ బట్ట నీళ్ళలో వెయ్యరు. దొరికిందాన్ని అడక్కుండా పక్కన పెడతారు. మొగుడి జేబుల్లో ఎన్నో నెలలుగా ఆమెకు నొప్పిమాత్రల ఖాళీ షీట్లు దొరుకుతున్నాయి. ఆమె వాటినీ అడక్కుండా చెత్తబుట్టలో వేస్తూ వచ్చింది.

“నొప్పిమాత్రలు వేసుకుంటారండీ” అంది. “భుజానికి. చాలా. పరగడుపున కూడా.”

డాక్టరమ్మ ఆమెను ఏమీ అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది. “పుండు పడి కారుతోంది. పొద్దుటిదాకా ఆగడం కుదరదు” అని నర్సు వైపు తిరిగింది.

గదిలో పెట్టి తలుపేస్తారన్న భయం నిజం కాలేదు. అయింది వేరు. ఓడంతా వినబడేలా, ఫలానా గ్రూపు ఉన్నవాళ్ళు రక్తమివ్వడానికి ఆసుపత్రికి రావాలని మైకులో పిలిచారు. ఈత కొలనులోంచి తడిబట్టలతోనే వచ్చి జనం ఇనుప నడవాలో వరస కట్టారు. ఒకడి చేతిలో మందు గ్లాసు చూసి నర్సు వాణ్ణి వెనక్కి తరిమింది. వరసలో అందరికన్నా ముందు ప్యాకేజీ ఉన్నాడు. చొక్కా చెయ్యి అప్పటికే మడిచి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

“వదినా, నేనే ఓర్చుకోమన్నాను” అన్నాడు.

“చెయ్యి చాపు” అంది ఆమె.

డాక్టరమ్మ కబురందుకుని తీరం నుంచి పడవ వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఓడ పక్కన, నీటికి కాస్త పైన, ఇనుప తలుపు ఒకటి తెరిచారు. అందులోంచి మరకలమ్మ మొదటిసారి సముద్రాన్ని దగ్గరగా చూసింది. టీవీలో ఉన్నది ఇది కాదు. నల్లగా, ఒళ్ళు విరుచుకుంటూ, పడవను ఇంటి కప్పంత ఎత్తుకు లేపుతోంది, వెంటనే కిందికి లాగేస్తోంది. మొగుణ్ణి స్ట్రెచరుకు కట్టి, ఆరుగురు పట్టుకుని, పడవ లేచిన క్షణం చూసి దాటించారు. ఆ క్షణంలో అతను ఓడలోనూ లేడు, పడవలోనూ లేడు. ఆమె కళ్ళు మూసుకోలేదు, మూసుకుంటే తెరవలేనేమో అనిపించింది.

“ఇప్పుడు” అన్నాడు పడవవాడు. ఆమె కాళ్ళు కదల్లేదు. పడవ దిగిపోయింది, మళ్ళీ లేచింది. “అమ్మా, ఇప్పుడు.” దూకింది. ఎవరో మోచెయ్యి దొరకబుచ్చుకుని కూర్చోబెట్టారు. పై అంతస్తుల్లోంచి జనం ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు, కొందరు చెయ్యి ఊపుతున్నారు. ఇనుప తలుపు మూస్తుంటే ప్యాకేజీ గట్టిగా అరిచాడు: “వదినా, ఇక్కడి ఆసుపత్రి బిల్లు సగం నాది. నువ్వు దాని గురించి ఆలోచించకు.” ఆమె దాని గురించి ఆలోచించడం లేదు. మొగుడి ముక్కు కింద వేలు పెట్టి, గాలి తగులుతోందో లేదో చూస్తోంది. ఆ గాలికీ సముద్రపు గాలికీ తేడా తెలియక, తీరం చేరేదాకా వేలు తియ్యలేదు.

అతను బతికాడు. తీరంలోని ఆసుపత్రిలో కడుపులోకి గొట్టం వేసి పుండును మూశారు. ఇప్పుడు ఇస్త్రీపెట్టె ఆమె చేతికొచ్చింది, అతను ముందు గదిలో కూర్చుని రసీదులు రాస్తాడు, జోకులు వేస్తాడు. దీంతో మరకలమ్మ నిజాలు పలికే మనిషిగా మారిందనుకుంటే పొరపాటు. జనం ఇప్పటికీ దానిమ్మరసం అంటారు, ఆమె ఇప్పటికీ తలాడిస్తుంది. షాపు నడవాలి. మారింది ఒక్కటే: ఇంట్లో అడుగుతుంది. అతను దగ్గినా, పళ్ళెం ముందునుంచి త్వరగా లేచినా, స్నానాలగదిలో రెండు నిమిషాలు ఎక్కువున్నా తలుపు అవతల నిలబడి అడుగుతుంది. “ఏం లేదే బాబూ” అంటాడు అతను విసుక్కుంటూ. ఆమె నమ్మదు. ఆ భయం ఏ మందుకూ పోలేదు. పోగొట్టుకోవాలని ఆమె కూడా అనుకోవడం లేదు.

ఓడ ఆసుపత్రి బిల్లు పూర్తిగా వాళ్ళే కట్టారు. అందులో మరిది ఇస్తానన్న సగం ఇంకా రావాలి.